గోడవతలి జెముడు

ప్రశ్న అడిగినవాళ్ళకు సిద్దవ్వ జవాబు చెప్పేది కాదు, పని చెప్పేది. మోక్షమంటే ఏమిటని అడిగిన ఒక వకీలును చింతపండులో గింజలు తీయమని కూర్చోబెట్టిందనీ, సాయంత్రానికి ఆయన ఇంకేమీ అడగకుండా దండం పెట్టి వెళ్ళిపోయాడనీ రాయదుర్గం చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె చెప్పే పని జవాబులో భాగమో, జవాబు తప్పించుకునే ఉపాయమో తేలక శిష్యులు తికమకపడేవారు. అందరికంటే ఎక్కువ తికమకపడినవాడు తిప్పేస్వామి. ఆయన అడిగిన ప్రశ్నా, దానికి ఆయనకు దొరికిన సమాధానమూ ఆయన నోట విన్నట్టే ఇక్కడ చెబుతున్నాను.

తిప్పేస్వామి హైస్కూలులో తెలుగు పండితుడుగా పనిచేసేవాడు. ఒక సాయంత్రం ఎవరో పిలిస్తే తత్వాలు వినడానికి గుట్టకింది ఆశ్రమానికి వెళ్ళాడు. ఆశ్రమమంటే పెద్దదేమీ కాదు. రెండు బండల మిద్దెలు, ఒక పందిరి, చుట్టూ రాతిగోడ. పందిరి కింద కూర్చుని సిద్దవ్వ తంబూర మీటుతూ పాడుతుంటే ఆయనకు ఇంటికి పోవాలనిపించలేదు. కొన్నాళ్ళకు ఉద్యోగం మానుకుని అక్కడే ఉండిపోయాడు. సిద్దవ్వకు ఆ తత్వాలు ఆమె గురువు నుంచి వచ్చాయి, ఆయనకు ఆయన గురువు నుంచి. ఎవరూ ఎక్కడా రాయలేదు. పాడితే విన్నారు, విన్నవాళ్ళు పాడారు, అంతే.

ఆ గురువుల నుంచి తత్వాలతో పాటు ఆశ్రమానికి వచ్చిన వస్తువు ఇంకొకటుంది. అది ఒక జెముడు మొక్క. మన చేలగట్లమీద పెరిగే నాగజెముడు లాంటిది కాదు. గుండ్రంగా, ఒంటినిండా నిలువు గాళ్ళతో, గాడి గాడికీ ముళ్ళతో, బోర్లించిన చెంబులా ఉండేది. ఎప్పుడో ఏ కాలంలోనో సిద్దవ్వ గురువుగారి గురువు దేశసంచారం చేస్తూ దాన్ని జోలెలో వేసుకు తెచ్చాడట. వానలు పడ్డాక ఏ ఏటికో ఒకసారి దాని పక్కనుంచి జానెడు పొడవున ఒక కాడ లేచేది. ఆ కాడ కొసన చందమామ అంత తెల్లటి పువ్వు సాయంత్రం విచ్చి, మర్నాడు ఎండ ముదిరేదాకా ఉండి వాలిపోయేది. పువ్వు విచ్చిన పొద్దున సిద్దవ్వ పాడేది కాదు. దాని ముందు ఊరికే కూర్చునేది.

తిప్పేస్వామి ఆ మొక్కను తన బాధ్యతగా తీసుకున్నాడు. పగిలిన కుండలోంచి తీసి రాతి తొట్టిలో నాటాడు. ఎర్రమట్టి వేశాడు, మాగిన పేడ వేశాడు. వేరుశనగ చెక్క నానబెట్టి ఆ నీళ్ళు వారం వారం పోశాడు. మొక్క ఒళ్ళు చేసింది. లేత ఆకుపచ్చగా నిగనిగలాడుతూ కడవంత అయింది. చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. దాని మొదలు చుట్టూ నిమ్మకాయలంత పిల్లమొక్కలు పుట్టుకొచ్చేవి. అవి తల్లి బలాన్ని లాగేస్తాయని ఆయన నమ్మకం. వచ్చినవాటిని వచ్చినట్టే పట్టకారుతో తుంచి వెనకగోడ మీదుగా అవతల రాళ్ళలోకి విసిరేసేవాడు. చెక్కనీళ్ళు మొదలుపెట్టాక అది పూయడం మానేసింది. బలం కూడగట్టుకుంటోంది కాబోలు, ఒక్కసారే విరగబూస్తుందిలే అనుకున్నాడు. ఎవరైనా వచ్చి ఒక పిల్ల ఇమ్మని అడిగితే, "ఇది ఇంటి అలంకారానికి పెట్టుకునేది కాదమ్మా, పరంపర" అని పంపించేసేవాడు.

సిద్దవ్వకు వయసు మీదపడింది. ఒక పాట మొదలుపెడితే నడుమ ఊపిరికోసం ఆగాల్సి వచ్చేది. ఆమె తర్వాత ఎవరన్న మాట శిష్యుల్లో లేచింది. పార్వతప్ప అనే శిష్యుడికి గొంతు బాగుంటుంది, అతని పక్కన కొందరు చేరారు. తిప్పేస్వామికి తత్వాల పాఠం బాగా వచ్చు, ఆయన పక్కన కొందరు. ఒకే పందిరి కింద రెండు చాపలు పడ్డాయి. ఆయనకు పీఠం మీద ఆశ లేకపోలేదు. కానీ ఆశకన్నా భయమే ఎక్కువ. ఇంతమంది చేతులు దాటి వచ్చినది తన కళ్ళముందు ఆగిపోతుందేమోనన్న భయం. ఒకరోజు ఆమె కాళ్ళదగ్గర కూర్చుని అడిగేశాడు.

"అవ్వా, నీ తర్వాత ఎవరు? ఈ తత్వాల మూలాన్ని ఎవరి చేతిలో పెడతావు? నువ్వు నోరు తెరిచి చెప్పకుంటే ఇదంతా నీతోనే పోతాది."

"జెముడుకు పిల్లలేమన్నా వచ్చినాయేమో చూసిరాపో," అంది సిద్దవ్వ.

ఆయన లేచి వెళ్ళాడు. నాలుగైదు వచ్చి ఉన్నాయి. తుంచి పారేసి తిరిగివచ్చాడు.

"వచ్చింటే తీసేసినానవ్వా."

"యాడేస్తివి?"

"గోడవతల."

ఆమె సరేనన్నట్టు తలూపి కళ్ళు మూసుకుంది. తన ప్రశ్నకు జవాబు రాలేదని ఆయన మనసు కష్టపెట్టుకున్నాడు. ముసలితనంలో మతి తప్పుతోందేమోనని కూడా అనుకున్నాడు.

ఆ వేసవి చివర్లో తుఫాను వచ్చింది. మబ్బును చూసి దండం పెట్టే సీమ అది. అలాంటిచోట రోజుల తరబడి తెరిపి లేకుండా కురిసింది. గుట్టమీది రాళ్ళలోంచి ఎవరూ ఎరుగని వాగులు దిగాయి. ఆశ్రమం పందిరి కూలింది. తిప్పేస్వామి గోనెపట్టా కప్పుకుని వెళ్ళి జెముడుకు తాటాకులు అడ్డం పెట్టాడు, తొట్టి చుట్టూ కాలువ తీశాడు. వాన వెలిశాక చూస్తే మొక్క ఎప్పటిలాగే నిగనిగలాడుతూ ఉంది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వారం చెక్కనీళ్ళు ఇంకో చెంబు ఎక్కువే పోశాడు.

కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, అది కాస్త పక్కకు ఒరిగినట్టు కనిపించింది. ఊతంగా కర్ర ఆనించబోయాడు. కర్ర మొన ఆనిందో లేదో, పండిన బొప్పాయిలో దిగినట్టు లోపలికి దిగిపోయింది. గోధుమరంగు నీరు చిమ్మింది. ముక్కు మూసుకోవలసిన వాసన. కుళ్ళినంతవరకూ కోసేస్తే పైభాగమైనా దక్కుతుందని కత్తి తెచ్చాడు. ఒక చక్రం కోశాడు, లోపల కుళ్ళు. ఇంకాస్త పైన కోశాడు, నడుమ తుప్పురంగు మచ్చ. అలా కోసుకుంటూ కోసుకుంటూ నెత్తిదాకా పోయాడు. చివరికి ఆయన చేతిలో ముళ్ళ టోపీ లాంటి ముక్క ఒకటి మిగిలింది. తిప్పి చూస్తే దాని గుండెలోనూ అదే మచ్చ.

ఆయన తొట్టి పక్కన కూలబడిపోయాడు. ఆశ్రమానికి రాకముందు భార్య పోయినప్పుడు కూడా అంత ఏడవలేదని నాతో చెప్పాడు. మనుషులు పోతారని తెలుసు. ఇది పోదనుకున్నాడు. తనకు ముందువాళ్ళంతా పగిలిన కుండలో, పిడికెడు మట్టిలో కాపాడుకుంటూ వచ్చినదాన్ని తాను రాతి తొట్టిలో పెట్టి చంపాడు.

పొద్దుగూకే వేళకు సిద్దవ్వ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. చేతులు ముళ్ళు గుచ్చుకుని నెత్తురోడుతున్నాయి.

"అవ్వా, నీ గురువు చేతి మొక్కను నేను చంపినాను."

ఆమె ముఖంలో ఏ మార్పూ కనిపించలేదు. "ఎట్ల పాయె?" అంది.

"వానకు కుళ్ళిపోయింది."

"వాన ఊరంతా పడె గదరా," అని మాత్రం అని, గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లవారుతుండగా ఆమె పిలుపు వినిపించి ఆయన లేచాడు. సిద్దవ్వ అప్పటికే మంచంమీద కూర్చుని ఉంది, కర్ర చేతిలో ఉంది. నెలల తరబడి గడప దాటని మనిషి.

"వాసన తెలుస్తాందా నీకు?" అంది.

ముందు ఆయనకు కుళ్ళు వాసనే గుర్తొచ్చింది. కానీ గాలిలో ఉన్నది అది కాదు. సన్నగా, చల్లగా, నిమ్మపూల మీదుగా తడిగాలి వచ్చినట్టు ఉంది. ఆ వాసన ఆయన ఎరుగును. ఏళ్ళ కిందట, పువ్వు విచ్చిన పొద్దుల్లో, సిద్దవ్వ వెనక కూర్చుని పీల్చిన వాసన అది. చచ్చిన మొక్క మళ్ళీ ఎలా పూస్తుంది? తొట్టివైపు పరుగెత్తబోయాడు.

"ఆ పక్క కాదు," అంది సిద్దవ్వ. "నన్ను పట్టుకో. ఎనక వాకిలి తియ్."

తుప్పుపట్టిన గొళ్ళెం ఊడబెరికి ఆయన ఆ తలుపు తీశాడు. అది తీయగా ఆయన ఎన్నడూ చూడలేదు. గోడవతల పగిలిన బండలు, పెంకులు, తుమ్మకంపలు. రాళ్ళ సందుల్లో, పిడికెడు మట్టి కూడా లేనిచోట, జెముళ్ళు ఉన్నాయి. తొట్టిలోని దానిలా నిగనిగలాడేవి కావు. ముడుచుకుపోయి, బూడిదరంగు తిరిగి, రాయిలా గట్టిపడినవి. కొన్ని తలకిందులుగా పడి, పడినచోటే పక్కనుంచి వేళ్ళు తన్ని, మెడ తిప్పి మళ్ళీ పైకి లేచినవి. ఒక్కొక్కదానికీ చుట్టూ పిల్లలు, ఆ పిల్లలకు పిల్లలు. వాటి మధ్యనుంచి తెల్లటి పువ్వులు ఆకాశంలోకి చూస్తున్నాయి. ఆయన కిందికి వంగి ఒకదాన్ని తాకి చూశాడు.

"ఇవి... ఇవి నేను పారేసినవి," అన్నాడు.

సిద్దవ్వ ఆయన భుజంమీద చెయ్యి వేసి లేపింది. "ఇంకా ముందుకు నడిపిచ్చు," అంది.

రాళ్ళగుట్ట దాటితే మిషన్ల వీధి. రాయదుర్గం వైపు జీన్స్ ప్యాంట్లు కుట్టే ఊళ్ళు చాలా ఉన్నాయి. ఆ వీధిలో ఇంటింటికీ ఒక కుట్టుమిషను, ఒక్కో ఇంట్లో రెండుమూడు కూడా. పొద్దు పొడవకముందే అవి మొదలుపెట్టే రొద ఆశ్రమందాకా వినిపించేది. ఆ రొద పాటకు అడ్డమని తిప్పేస్వామి ఎన్నోసార్లు విసుక్కున్నాడు గానీ ఆ వీధిలోకి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఆ ఉదయం ఒక్క మిషనూ మోగడం లేదు. వీధి మలుపు తిరగగానే ఎందుకో ఆయనకు అర్థమైంది.

వీధి పొడవునా పువ్వులే. మిద్దెల పిట్టగోడలమీద, కిటికీ బండలమీద, మెట్లమీద. రంగుడబ్బాల్లో, మూత పోయిన కుక్కర్లలో, పగిలిన సింకులో, దారపు ఉండలు వచ్చే ప్లాస్టిక్ బకెట్లలో. మసీదు ప్రహరీమీద వరుసగా. ట్రాన్స్‌ఫార్మర్ కింది దిమ్మెమీద. ఎక్కడ పిడికెడు ఇసుక నిలిచే చోటుందో అక్కడల్లా ఒక ముళ్ళ ఉండ, దాని మీద జానెడు కాడ, కాడ కొసన అదే పువ్వు. తుఫాను వాన తాగి, అన్నీ ఒక్క సాయంత్రమే విచ్చుకున్నాయి. వీధి ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. రోజూ వాళ్ళ కళ్ళముందు ఉన్నవే. ఎప్పుడైనా ఒక ఇంట్లో ఒకటి, ఇంకో ఇంట్లో రెండు పూసేవి. ఇలా అన్నీ కలిసి, ఒకేసారి, ఒకే ముఖంతో తమవైపు చూడటం ఎవరూ ఎరగరు. పొద్దు గుట్టమీద పొడిచి ఆ వెలుగు వీధిలోకి దిగింది. తెలుపు ఒక్కసారిగా పైకి పొంగినట్టయింది. తనకు తల తిరిగి, పక్కనున్న గోడ పట్టుకున్నానని తిప్పేస్వామి చెప్పాడు.

ఆ గోడ మాబున్నీసా ఇంటిది. జేబులు కుట్టడంలో ఆ వీధికే పేరున్న మనిషి. ఆమె సిద్దవ్వను చూసి గబగబా వచ్చి స్టూలు వేసింది.

"ఏమవ్వా ఇంతదూరం! చెప్పి పంపిస్తే నేనే వస్తుంటి గదా."

"పూలు చూస్తామని వస్తిమి," అంది సిద్దవ్వ, కూర్చుంటూ.

తిప్పేస్వామి పువ్వులవైపు చెయ్యి చూపించాడు. "అమ్మా, ఈ మొక్కలు మీకు యాడివి?"

మాబున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కోప్పడొద్దు సామీ. అవన్నీ మీ గోడవతల ఏరుకొచ్చినవే. ఒకసారి మిమ్మల్ని అడిగితి కూడా. ఇయ్యనంటిరి."

ఆయనకు గుర్తులేదు. ఎంతమందిని పంపించేశాడో! "మళ్ళా ఎట్ల..."

"మీరు పారేసేది చూస్తి. పారేసినదాన్ని తీసుకుంటే తప్పేముందిలే అని ఒకటి కొంగులో ఏసుకొస్తి. కిటికీలో పెట్టి పనిలో పడి మర్చిపోతి. ఒకరోజు చూస్తే, మన్ను లేదు, నీళ్ళు లేవు, ఊరికే గాలిలోకి ఏర్లు ఇడిచింది సామీ! నాకు భయమేసింది. అప్పుడు ఇసకలో పెడితి."

"ఏమి వేస్తారు దీనికి? ఏం పోస్తారు?"

ఆమె నవ్వింది. "కొళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎప్పుడు రావో. మాకు తాగేదానికే చాలవు, దీనికేం పోస్తాం? దానికి పిల్లలొస్తే పక్కింటోళ్ళు అడిగినారు, ఇస్తి. వాళ్ళకు పిల్లలొస్తే వాళ్ళు ఇంకొకరికి ఇచ్చినారు. మా పెద్దపాప చెళ్ళకెరకు కాపురానికి పోతా ఒకటి సంచిలో పెట్టుకొని పాయె. అక్కడ వాళ్ళ వీధంతా ఇదేనంట. బళ్ళారికి పనికి పోయినోళ్ళు పట్టుకపోయినారు. ఇంక యాడేడ ఉందో మాకేం తెలుసు సామీ."

తిప్పేస్వామి దగ్గరున్న ఒక పువ్వు మీదికి వంగాడు. ఆశ్రమం తొట్టిలో పూసినదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాతి గుమ్మం దగ్గరికి పోయి ఇంకొకదాన్ని చూశాడు. అదీ అంతే. ఇవి ఆ మొక్క లాంటివి కావు, ఆ మొక్కే. దాని ఒంటి ముక్క ఒంటి ముక్కగా తెగి, దొర్లి, ఎండి, చేతులు మారి వచ్చిన ఆ మొక్కే. గురువుగారి గురువు జోలెలో వచ్చింది ఇప్పుడు కుక్కరులో ఉంది, బకెట్లో ఉంది, చెళ్ళకెరలో ఉంది. నిన్న మధ్యాహ్నం తాను దేన్ని చంపానని ఏడ్చాడో అది ఈ క్షణంలో తనకు తెలియని ఎన్నో ఊళ్ళలో పూసి ఉంటుంది. దాన్ని ఇన్నిచోట్లకు పంపింది తన చెయ్యేనని తలుచుకుని ఆయన ఆ చేతిని అలా చూస్తూ ఉండిపోయాడు. తనకు తెలియకుండా చేసింది బతికింది, తెలిసి చేసింది కుళ్ళింది.

తిరిగివచ్చి మాబున్నీసా ఎదుట నిలబడ్డాడు. రెండు చేతులూ దోసిలి పట్టాడు.

"అమ్మా, మాది పోయింది. ఒకటి ఇస్తావా?"

ఆమె ఒక్కసారి సిద్దవ్వ ముఖంలోకి చూసి, లోపలికి పోయి, ఒక మొక్క అంచున ఉన్న పిల్లను గుడ్డతో పట్టుకుని మెలిపెట్టి తీసింది. ఆయన దోసిట్లో పెట్టింది. నిమ్మకాయంత ఉంది. ముళ్ళు గుచ్చుకున్నాయి గానీ ఆయన చెయ్యి వదల్లేదు.

తర్వాతి సంగతులు కూడా చెప్పాలి. చలికాలం వెళ్ళకుండానే సిద్దవ్వ కాలం చేసింది. ఎవరి పేరూ చెప్పి పోలేదు. ఆమె పోయిన రోజు మిషన్ల వీధి ఆడవాళ్ళు వచ్చి, కుట్టుకుంటూ గోడమీదుగా విని విని నేర్చుకున్న తత్వాలు రాత్రంతా పాడారట. అందులో కొన్ని తిప్పేస్వామికీ పార్వతప్పకూ కూడా రానివి, వాళ్ళు ఆశ్రమానికి రాకముందు సిద్దవ్వ పాడినవి కాబోలు. ఇద్దరూ ఒకే చాపమీద కూర్చుని ఆ ఆడవాళ్ళ దగ్గర వాటిని నేర్చుకున్నారు. ఆ ఆశ్రమానికి ఇప్పటికీ పీఠాధిపతి లేడు. వెనక వాకిలికి గొళ్ళెం లేదు.

కానీ ఆ ఉదయం ఇవేవీ ఇంకా జరగలేదు. దోసిట్లో పిల్లను పట్టుకుని తిప్పేస్వామి సిద్దవ్వ స్టూలు పక్కన నేలమీద కూర్చున్నాడు. మాబున్నీసా ఇద్దరికీ టీ తెచ్చింది. ఎండ ఎక్కుతోంది, పువ్వుల అంచులు మెల్లగా వాలడం మొదలైంది. ఎక్కడో ఒక మిషను మోగింది. ఆయన మనసులో పాత ముల్లు ఒకటి ఇంకా మిగిలి ఉంది.

"అవ్వా," అన్నాడు నెమ్మదిగా, "ఇన్నిట్లో మన గురువుగారి మొక్క ఏదని అనుకోవాల?"

సిద్దవ్వ టీ గ్లాసు కింద పెట్టి, అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది.

"నాకు చూపు ఆనదు నాయనా," అంది. "నువ్వే ఏరి చెప్పు."